మేస్త్రి పేరు పెట్టని మార్కా

నరసరావుపేటలో మిరపకాయల కొట్లున్న వీధి చివర ఒక రేకుల పంచ ఉండేది. దాని కింద నుంచి టకటకమని సుత్తి మోత వినపడుతోందంటే బాజీ పనిలో ఉన్నట్టే. పాత నూనె డబ్బాలు విప్పి, చదునుగా సాగగొట్టి, తుమ్మమొద్దు మీద పరిచి, సన్న ఉలితో వాటిలో అక్షరాలూ బొమ్మలూ తొలుస్తూ ఉండేవాడు. ఆ రేకుని గోనె బస్తా మీద ఆనించి నల్లరంగు గుడ్డతో అద్దితే, తొలిచిన చోటల్లా రంగు దిగి బస్తా మీద వ్యాపారి గుర్తు పడుతుంది. దాన్నే మార్కా అంటారు. మార్కా లేని బస్తా అనాథ కింద లెక్క. ఏ కొట్టుదో, ఏ లారీ ఎక్కాలో ఎవరికీ తెలియదు.

ఈ పని వాళ్ల నాన్న కాలేషాది. ఆయన చూపు మందగించాక, ఇంటర్మీడియట్‌లో లెక్కలూ సైన్సూ చదివి పాసైన బాజీ వచ్చి ఆ మొద్దు ముందు కూర్చున్నాడు. ఏడుస్తూ ఏమీ కూర్చోలేదు. ఆ మోత వింటూనే పెరిగాడు, ఆ పనంటే ఇష్టమే. పెళ్లయింది, సయీదా వచ్చింది, రజియా పుట్టింది. పంచకీ ఇంటికీ మధ్య ఒక గడపే అడ్డం. ఏడాదిన్నర పిల్లకి గడప ఒక లెక్కా? పాకుతూ వచ్చి ఎక్కడ రేకుముక్క మీద చెయ్యి వేస్తుందోనని బాజీకి ఒకటే గుబులు. పాడైపోయిన లౌడ్‌స్పీకరు నుంచి అయస్కాంతం ఊడదీసి, తాడు కట్టి, పిల్ల నిద్ర లేచేలోపు పంచంతా ఈడ్చుకుంటూ తిరిగేవాడు. చిన్న చిన్న రేకుముక్కలన్నీ ముళ్లపందిలా దానికి పట్టుకునేవి. రంగులో సీసం ఉంటుందని చదువుకునే రోజుల్లో విన్నాడు కాబట్టి రంగు డబ్బాలు అటక మీద పెట్టేవాడు. అవసరమైనప్పుడల్లా నిచ్చెన వెయ్యాల్సిందే.

"ఊళ్లో మొగుళ్లు కుక్కల్ని తిప్పుతారు, మేకల్ని తిప్పుతారు. అయస్కాంతాన్ని తిప్పే మొగుడు నాకొక్కదానికే దొరికాడు," అనేది సయీదా.

"నవ్వబాక. ముక్క గుచ్చుకుంటే తెలుస్తది."

"నీకు గుచ్చుకుంటే నవ్వుతా. పిల్లకైతే నవ్వుతానా?"

ఇలా సాగిపోతున్న బతుకులో బాజీకి ఒక్కటే వెలితి ఉండేది. పైకి చెప్పుకునేదేం కాదు. ఆ వీధిలో బస్తాల మీద కనపడే మార్కాలు దాదాపు అన్నీ అతనూ వాళ్ల నాన్నా కోసినవే. వాటిలో ఒక్కటి కూడా వాళ్లు గీసింది కాదు. వ్యాపారి ఒక కాయితం తెస్తాడు, దాని మీద త్రిశూలమో నెలవంకో తన పేరులో మొదటి అక్షరాలో ఉంటాయి. రేకు మీదకి ఎక్కించి కొయ్యడమే బాజీ పని. సున్నా కొయ్యాలంటే మధ్య ముక్క ఊడిపోకుండా సన్నటి కట్టు ఎక్కడ వదలాలో చూసుకోవాలి. అతని సొంత ఆలోచన అంతవరకే పనికొచ్చేది. తన చేత్తో తాను అనుకుని గీసిన గుర్తు ఒక్కటన్నా నలుగురి కళ్ల ముందూ ఉంటే ఎలా ఉంటుందోనని, రంగు ఆరేదాకా ఖాళీగా కూర్చున్నప్పుడు అనుకునేవాడు.

ఎనభై ఆరో సంవత్సరం చలికాలం చివర్లో ఒక సాయంత్రం డ్రాయింగు మాస్టారు వీరాంజనేయులు సైకిలు దిగి పంచ కిందకి వచ్చాడు. ఆయనది వినుకొండ దగ్గర వ్యవసాయ కుటుంబం. మద్రాసులో బొమ్మల చదువు చదివి, తిరిగొచ్చి హైస్కూల్లో చేరాడు. పల్నాడులో బొమ్మలు వేసేవాళ్లని కొందరిని కూడగట్టి ఒక సంఘం పెట్టాడు. ఆ సంఘం తరఫున టౌన్ హాల్లో మూడు రోజులు నైరూప్య చిత్రాల ఉత్సవం చెయ్యాలని అనుకున్నారు.

"అంటే మోడ్రన్ ఆర్టు అంటారే, అదా మాస్టారూ?"

"అదే. దానికి ఒక గుర్తు కావాలి బాజీ. గోడ మీద అదే, గుమ్మం ముందు గుడ్డ మీద అదే, ఆహ్వానం కార్డు మీద అదే, వాలంటీర్ల చొక్కాకి తగిలించే బిళ్ల మీద అదే. రంగులు కూడా రెండే, ఇటుక ఎరుపు, నీలం. వినుకొండ బస్టాండులో చూసినవాడు ఇక్కడ టౌన్ హాలు గుమ్మంలో చూసి, ఓహో ఇదేనన్నమాట అని లోపలికి రావాలి. నడికుడిలో రైలు దిగినవాడూ అంతే."

బాజీకి వెంటనే అర్థమైంది. బెల్లంకొండలో లారీ ఎక్కిన బస్తా గుంటూరులో దిగినా ఎవరిదో తెలియాలి, ఇదీ అంతే. "ఏం బొమ్మ వేద్దామంటారు?"

"ఏ బొమ్మా కాకూడదు."

గడప వెనక బియ్యం ఏరుతున్న సయీదా కిసుక్కున నవ్వింది. మాస్టారు కూడా నవ్వేశాడు. "నవ్వొచ్చే మాటేలేమ్మా. కానీ చూడండి, మేం పెట్టే బొమ్మల్లో చెట్టుండదు, మనిషుండడు, దేవుడుండడు. రంగూ గీతా, వాటి మధ్య ఖాళీ, అంతే. గుమ్మానికి నెమలి బొమ్మ కట్టామనుకోండి, లోపల కూడా నెమళ్లు ఉంటాయనుకుని వస్తారు. లేవని తిట్టుకుంటూ పోతారు. అందుకని గుర్తు కూడా ఏదీ కాకూడదు. ఎవరన్నా చూసి ఇది ఫలానాది అన్నారంటే మనం ఓడినట్టే."

"ఎవరు గీస్తారు మరి?"

"బెజవాడలో నా స్నేహితుడొకడున్నాడు, అడిగితే గీసిస్తాడు. నువ్వు కోద్దువుగాని."

బాజీ చేతిలో సుత్తి ఆగిపోయింది. "నేను గీస్తా మాస్టారూ." మాట బయటికి వచ్చాక తనకే భయమేసింది.

మాస్టారు అతని వంక చూశాడు. తేలిగ్గా చూసిన చూపు కాదు, కొత్తగా చూసిన చూపు. "సరే. ఆదివారం కమిటీ కూర్చుంటుంది. నీది నప్పితే నీదే పెడదాం. లేకపోతే ఆయన్ని అడుగుతా, అప్పుడు కొయ్యడం వరకే నీది. కష్టపెట్టుకోకూడదు."

"కష్టపెట్టుకోను," అన్నాడు బాజీ. కష్టపెట్టుకుంటాడని ఇద్దరికీ తెలుసు.

మర్నాటి నుంచి చేతికి దొరికిన కాయితం మీదల్లా గీతలే. ఏదీ కాని దాన్ని గీయడం అంత కష్టమని అతనెప్పుడూ అనుకోలేదు. చెయ్యి తనకి తెలియకుండానే ఆకు వైపో కన్ను వైపో పోతుంది. పట్టుబట్టి వెనక్కి లాగితే చక్రం వైపు పోతుంది. చివరికి ఎలాగో ఒకటి కుదిరింది. ఒక అడ్డపట్టీ, దాని మీద ఒక పక్కకి ఒరిగిన ముక్కోణం. దాన్ని గోనె పట్టా మీద సున్నంతో గీసి, చుట్టి చంకన పెట్టుకుని కొట్ల వైపు నడిచాడు.

ఎందుకంటే ఆ వీధిలో ఏ మార్కా అయినా హమాలీల ముందు పరీక్ష నిలవాలి. కాలేషా నాటి నుంచీ అదే ఆనవాయితీ. బస్తాలు మోసేవాళ్లలో చదువు వచ్చినవాళ్లు తక్కువ. మార్కాని చూసి వాళ్లు దానికొక పేరు పెట్టుకోవాలి, ఆ పేరుతోనే కేకలు వేసుకుంటూ లారీకి ఎక్కిస్తారు. గొడ్డలి మార్కా, దువ్వెన మార్కా, జంట చేపల మార్కా. పేరు పెట్టడం ముఠా మేస్త్రి మరియదాసు వంతు. నడివయసు దాటిన మనిషి, ఎత్తరి, బొంగురు గొంతు. ఆయన నోట ఒకసారి పేరు పడితే మళ్లీ తిరుగుండదు. ఒక శెట్టిగారు ముచ్చటపడి తామర పువ్వు కోయించుకుంటే, మరియదాసు తల వంచి చూసి "వెల్లుల్లిపాయ" అన్నాడు. అంతే. శెట్టిగారు మొదట్లో అలిగాడు, తర్వాత అలవాటు పడ్డాడు, ఇప్పుడు ఎవరన్నా "వెల్లుల్లి శెట్టిగారూ" అని పిలిస్తే పలుకుతున్నాడు కూడా.

బాజీ గోనె పట్టా పరిచాడు. ముఠా అంతా చుట్టూ మూగింది. అందరూ అలవాటుగా మేస్త్రి మొహం చూశారు.

"ఇస్త్రీ పెట్టె," అన్నాడు మరియదాసు.

"అవును, ఇస్త్రీ పెట్టె!" అన్నారు అందరూ. "పిడి కూడా ఉంది చూడు," అన్నాడు కుర్రతనం ఇంకా పోని యోహాను. నిజానికి పిడి అక్కడ లేదు. కానీ ఆ మాట విన్నాక బాజీకి కూడా పిడి కనపడింది.

ఇంటికి వెళ్లి ఇంకొకటి గీశాడు. మరియదాసు చూసి "తెగిన చెప్పు" అన్నాడు. ముఠా మొత్తానికి తెగిన చెప్పే కనపడింది. మరొకటి తెచ్చాడు. "పందికొక్కు." ఇంకొకటి. "మా అత్త ముక్కు." ఆ రోజు వీధి వీధంతా నవ్వింది. మరియదాసు మాత్రం నవ్వలేదు. పేరు పెట్టడం ఆయనకి నవ్వులాట కాదు.

"ఏందిరా అబ్బాయ్, దినానికొకటి తెస్తన్నావు? ఎవురిది ఈ మార్కా? ఇంత చంచలపు వ్యాపారిని నేను చూడలా."

"ఎవరిదీ కాదు బాబాయ్. టౌన్ హాల్లో పండగకి. ఏదీ కాని బొమ్మ కావాలంట."

"ఏదీ కాకుండా ఎట్టా ఉంటది? కళ్లున్నాక ఏదో ఒకటి కనపడాల్సిందే గదా."

శుక్రవారం సాయంత్రానికి బాజీ చతికిలబడ్డాడు. బెజవాడ ఆయన గీసిన కాయితం రేపో మాపో వచ్చి తన మొద్దు మీద వాలుతుంది, తను దాన్ని ఎప్పటిలాగే ఒద్దికగా కోస్తాడు. అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతున్నాడు. చివరిగా గీసిన కాయితం పక్కన పడుంది. ఒక పక్కకి ఒరిగిన మందపాటి వంపు, దాని కడుపులో ఒక చీలిక, కింద కాస్త ఎడంగా ఒక చిన్న నాలుగు పలకల ముక్క, అదీ సరైన చతురస్రం కాదు. దీన్ని ఇంకా ఎవరికీ చూపించలేదు. చూపించే ధైర్యం లేకపోయింది.

సయీదా పిల్లకి ముద్దలు పెడుతూ కాయితం తన వైపు తిప్పుకుంది. "ఇది బాగుంది. పడుకుని పాలు తాగే మేకపిల్ల."

"మేకపిల్లా?" బాజీ కాయితం మళ్లీ చూశాడు. "ఎక్కడ?"

"ఇదిగో వీపు. ఇది మూతి."

మంచం మీద కూర్చున్న తల్లి జాన్‌బీ చెయ్యి చాపింది. ఆమెకి సయీదా మాట వినపడలేదు, చెవి కొంచెం బరువు. కాయితం దూరంగా పెట్టి దగ్గరగా పెట్టి చూసి, "బుంగ చెవి విరిగి కింద పడినట్టుంది. ఎవురు పగలగొట్టారే?" అంది.

"మేకపిల్ల కాదా అమ్మీ?" గట్టిగా అరిచాడు బాజీ.

"మేకేందిరా, నీ కళ్లు మండ. శుభ్రంగా బుంగయితేనూ."

బాజీ చెయ్యి కడుక్కోవడం కూడా మర్చిపోయి లేచాడు. కాలేజీలో ప్రాక్టికల్స్ గది గుర్తొచ్చింది. లోలకం ఊగే వేగం కొలిచి రాయమంటే, ముందు వరసలో తెలివైనవాడు రాసిన అంకెనే గదంతా దించేసేది. అందరికీ ఒకే జవాబు వచ్చింది కాబట్టి అదే నిజమనుకున్నారు. లెక్చరరు వచ్చి, "ఇవి రీడింగులు కావురా, ఒక్కడి రీడింగుకి నకళ్లు" అని కాయితాలు చించాడు. ఇక్కడ జరుగుతున్నది కూడా అదే. తన బొమ్మలో ఇస్త్రీ పెట్టె ముందుగా మరియదాసుకే కనపడింది. మిగిలినవాళ్లకి కనపడింది మరియదాసు మాట.

"ఒక్కొక్కళ్లని విడిగా అడగాలి," అన్నాడు.

"ముందు చెయ్యి కడుక్కో," అంది సయీదా.

మర్నాడు మరియదాసు తూకం దగ్గర పనిలో ఉన్న సమయం చూసుకుని, బాజీ హమాలీలని ఒక్కొక్కళ్లనే బస్తాల చాటుకి పిలిచాడు. ఒకరు చెప్పింది ఇంకొకరికి చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. యోహానుకి అది పారేసిన కొడవలి. ఇంకొకడికి కోటప్పకొండ, కింద బండరాయి. మరొకడు చాలాసేపు చూసి, "మా తాత ఇట్టాగే ఒరిగి కూర్చునేవాడన్నా, పక్కన చుట్టల పెట్టె పెట్టుకుని," అని గొంతు తగ్గించాడు. ఏ ఇద్దరి మాటా కలవలేదు. మేస్త్రి పెట్టిన పేర్లు వినని లారీవాళ్లకి బాజీ పాత బొమ్మల్ని కూడా అలాగే చూపించాడు. తెగిన చెప్పు చాలామందికి చెప్పులాగే ఉంది, ఇస్త్రీ పెట్టె కొందరికి పడవ. ఈ వంపు ఒక్కటే ఎవరికి వాళ్లది.

సాయంత్రానికి ఎలా దాచినా దాగక, చాటుగా చెప్పిన మాటలు బయటికొచ్చాయి. "కొడవలా? నీ మొహం, కొండరా అది!" అని బస్తాల మధ్య ఒకటే వాదులాట. ఆ గోల వింటూ బాజీ ఆనందంగా ఇంటికి నడిచాడు. బస్తాకైతే నలుగురూ ఒకే మాట అనే మార్కా మంచిది. ఈ పండగకి నలుగురూ కొట్టుకునే మార్కా కావాలి.

ఆదివారం కమిటీ ముందు ఆ మాటే చెప్పాడు. "ఎవరూ ఏ పేరూ పెట్టకూడదంటే నావల్ల కాలేదు మాస్టారూ. మనిషి పేరు పెట్టకుండా ఉండలేడు. కానీ దీనికి ఇద్దరు ఒకే పేరు పెట్టరు. అడిగి చూశా."

వీరాంజనేయులు కాయితాన్ని గోడకి ఆనించి వెనక్కి నడిచాడు. మళ్లీ ముందుకొచ్చాడు. "ఈ చీలికలో కట్టు ఎందుకు వదిలావు?"

"వదలకపోతే మధ్య ముక్క ఊడొస్తది. రేకు పని కదండీ."

"కట్టుని దాచొద్దు. ఇంకొంచెం లావు చెయ్యి. కింద ముక్క నీలం, పైది ఎరుపు. రెంటికీ మధ్య ఇప్పుడున్నంత ఖాళీ ఉండాలి, ఎక్కడ వేసినా ఆ ఖాళీ మారకూడదు." మాస్టారు చెప్తుంటే బాజీకి తన బొమ్మే ఇంకాస్త నిటారుగా లేచి నిలబడినట్టనిపించింది. కమిటీలో ఒకాయన, "ఇది నిద్రపోతున్న కుక్క కదండీ," అన్నాడు. పక్కాయన, "కుక్కేమిటి, గొడుగు!" అన్నాడు. వీరాంజనేయులు పకపకా నవ్వి, "ఇదే పెడుతున్నాం," అన్నాడు. తనకేం కనపడిందో మాత్రం చెప్పలేదు.

బాజీ రేకులు కోశాడు. గోడకి పెద్దవి, గుడ్డకి నడిరకం, చొక్కా బిళ్లలకి అరచేతిలో పట్టేవి. ఎరుపుకొకటి, నీలానికొకటి. వినుకొండ బస్టాండు గోడ మీద తనే వెళ్లి అద్దొచ్చాడు. నడికుడి స్టేషను బయట ఒక హోటలాయన తన గోడ ఇచ్చాడు. పేటలో రెండు సినిమా పోస్టర్ల మధ్య చోటు దొరికింది. పని జోరుగా సాగుతుండగా ఒక మధ్యాహ్నం నిచ్చెన మీద ఉన్న బాజీకి ఉన్నట్టుండి ఒక సంగతి గుర్తొచ్చింది. మరియదాసు ఇంకా దీన్ని చూడలేదు. శనివారం తూకం అవగానే సత్తెనపల్లిలో కూతురింటికి వెళ్లాడు. ఇవాళో రేపో వస్తాడు. వచ్చి, గోడ చూసి, ఒక్క మాట అంటాడు. ఆ మాట సాయంత్రానికి టీ కొట్లకి, పొద్దుటికి బస్టాండుకి చేరుతుంది. తర్వాత అది పందికొక్కు పండగో, విరిగిన చీపురు పండగో అయి కూర్చుంటుంది. తామర పువ్వునే వెల్లుల్లిపాయ చేసిన నోరు.

నిచ్చెన దిగి పరుగున వెళ్లేసరికి మరియదాసు బస్సు దిగి భుజాన సంచీతో వస్తున్నాడు. బాజీ ఎదురెళ్లి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

"బాబాయ్, నీ కాళ్లు పట్టుకుంటా. ఆ గోడ మీద గుర్తు చూస్తావు గదా, దానికి పేరు పెట్టబాక."

"ఏ గుర్తు?"

"నేను గీసిందే. కోసింది కాదు, గీసింది. నా అంతట నేను గీసింది ఇదొక్కటే."

మరియదాసు సంచీ కింద పెట్టాడు. "పేరు పెట్టకపోతే దాన్నెట్టా పిలుస్తారు?"

"పిలవద్దు. ఎవరికి నచ్చినట్టు వాళ్లు పిలుచుకుంటారు. నువ్వు నోరు తెరిస్తే మాత్రం అందరికీ ఒకటే అయిపోద్ది. పండగ అయిందాకా ఆగు బాబాయ్, నీకు పుణ్యముంటది."

మరియదాసు మొహంలో మొదట కోపం కనపడింది. తర్వాత గర్వం. ఒక ఊరి నోటికి తన నోరు తాళంచెవి అని ఇంతకాలం ఎవరూ ఆయనకి చెప్పలేదు. మీసం కింద నవ్వు దాచుకుని, "మా నాయన నాకు దాసు అని పేరు పెట్టాడు గానీ నేను ఎవురికీ దాసుణ్ణి కాదు. నువ్వడిగావు కాబట్టి ఒప్పుకుంటన్నా. కడుపుబ్బి పోయానంటే ఆ పాపం నీదే," అన్నాడు.

ఉత్సవం మొదలైన రోజు టౌన్ హాలు గుమ్మానికి ఎత్తుగా గుడ్డ కట్టారు. దాని మీద ఎర్ర వంపు, నీలం ముక్క, మధ్యలో ఖాళీ. కొట్ల వీధిలో పని ముగించుకుని ముఠా మొత్తం వచ్చింది, సొంత వాదులాటలు తేల్చుకోవడానికి. ఎదురుగా పిట్టగోడ మీద మరియదాసు బీడీ పట్టుకుని కూర్చున్నాడు.

"మేస్త్రీ, నువ్వు చెప్పు. కొండా కాదా?"

"కొడవలని చెప్పు మేస్త్రీ, వీడి నోరు మూతపడతది."

మరియదాసు పొగ వదిలాడు. నోరు తెరిచాడు. కొంచెం దూరంలో బాజీ నిలబడి ఉన్నాడు. పెద్దాయన అతని వంక ఓరగా చూసి, తెరిచిన నోట్లో మళ్లీ బీడీ పెట్టుకున్నాడు. "మీకు కళ్లు లేవా? చూసుకోండి."

ముఠా విస్తుపోయింది. మేస్త్రి తేల్చకపోతే ఇక తమ గొడవ తామే తేల్చుకోవాలి. చూడాలంటే దగ్గరికి వెళ్లాలి, దగ్గరికి వెళ్తే గుమ్మం, గుమ్మం దాటితే హాలు. అలా లోపలికి వెళ్లారు. లోపలి బొమ్మల ముందు కూడా అదే వరస. ఒక దాని ముందు యోహాను నిలబడి, "ఇది మన గోదాములో వాన కారిన గోడ," అన్నాడు. "కాదెహె, మిరపచేను మీద పొద్దు గూకటం," అన్నాడు ఇంకొకడు. అప్పటిదాకా వచ్చినవాళ్లు చేతులు వెనక కట్టుకుని, అర్థం కాలేదని పైకి తేలకుండా గబగబా దాటిపోతున్నారు. వీళ్ల గోల విని వాళ్లు కూడా వెనక్కి తిరిగొచ్చి నిలబడ్డారు. వీరాంజనేయులు ఒక మూల నుంచి చూస్తూ కళ్లజోడు తుడుచుకున్నాడు.

ఆ మూడు రోజులూ మరియదాసు వదలకుండా వచ్చాడు. వచ్చి పిట్టగోడ మీద కూర్చునేవాడు. అడిగినవాళ్లకి ఏమీ చెప్పేవాడు కాదు. సయీదా పిల్లని ఎత్తుకుని వచ్చినప్పుడు రజియా గుడ్డ వైపు వేలు చూపించి ఏదో అంది. అది ఏ భాషో ఎవరికీ తెలియలేదు. "దీని మాటకి అడ్డం లేదు, ఎన్నిసార్లయినా పేరు పెట్టుకోవచ్చు," అని మరియదాసు పిల్ల బుగ్గ గిల్లాడు.

చివరి రోజు బొమ్మలు దించి లారీకి ఎక్కించే పని ముఠాకే అప్పజెప్పారు. చట్రాలన్నీ ఎక్కాయి. గుమ్మానికి కట్టిన గుడ్డ ఒక్కటే మిగిలింది. బాజీ నిచ్చెన వేశాడు. మరియదాసు లేచి వచ్చి కింద నిలబడ్డాడు.

"పండగ అయిపోయింది గదరా. ఇప్పుడు చెప్పొచ్చా?"

"చెప్పు బాబాయ్. ఇన్నాళ్లూ ఆగావు, అదే గొప్ప." నిజంగానే అన్నాడు. ఇక ఏ పేరు పెట్టినా నష్టం లేదు. అయినా చెయ్యి నిచ్చెనని గట్టిగా పట్టుకుంది.

ముఠా చుట్టూ చేరింది. వీరాంజనేయులు కూడా గుమ్మంలో ఆగాడు. మరియదాసు తల వంచి చూశాడు. అటు నుంచి చూశాడు, ఇటు నుంచి చూశాడు.

"బస్సు దిగిన దినం తేలనుకున్నా. మొదటి రోజు ఇక్కడ కూర్చుంటే తేలు పోయింది, మా పాత ఎద్దు పడుకున్నట్టు కనపడింది. నిన్న ఎద్దు కూడా పోయింది." బీడీ నేలకేసి నలిపాడు. "చెప్పకుండా ఊరికే చూస్తా కూర్చోటం నాకు అలవాటు లేదు. చూడగా చూడగా అది ఇంకో దానిలాగా లేదురా. ఎరుపుంది, నీలముంది, మధ్యలో జాగా ఉంది. అది అదే."

"అట్టా అంటే ఎట్టా మేస్త్రీ?" యోహానుకి సహించలేదు. "పేరు పెట్టాల్సిందే."

మరియదాసు పైకి చూశాడు. నిచ్చెన మీద బాజీ తాడు ముడి విప్పబోయి విప్పకుండా ఆగిపోయున్నాడు.

"బాజీ మార్కా," అన్నాడు.

అందరూ అదే మాట అందుకున్నారు. లారీ డ్రైవరు కూడా అన్నాడు. వీరాంజనేయులు గుమ్మంలోంచి పెద్దగా అన్నాడు. బాజీ తల పక్కకి తిప్పుకుని ముడి మీద పడ్డాడు. అది చాలాసేపు రాలేదు. కింద నుంచి సయీదా, "లాగు, గట్టిగా లాగు, చిరిగితే మళ్లీ గీద్దువుగానిలే," అని అరుస్తూనే ఉంది.